నా ఎత్తుకు సరిపడ్డ కయాక్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 47 కిలోలు. ఈ రెండూ ముందే చెప్తున్నాను. కయాక్ అంటే కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్న పడవ. దాని గురించి ఎవరు ఏం చెప్పినా, ఆ చెప్పే మనిషి ఒడ్డూ పొడుగూ తెలియకపోతే ఆ మాట మనకు పనికిరాదు. 80 కిలోల మనిషిని బుద్ధిగా మోసిన పడవే నన్ను ఏడాదిపాటు ఏడిపించింది.

ఆ మొదటిది మామూలు సైజు టూరింగ్ కయాక్, అంటే దూరాలు తిరగడానికి చేసినది. తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాను. "కొత్తగా నేర్చుకునేవాళ్లకు పెద్ద పడవే భద్రం" అని అందరూ చెప్పారు, నేనూ నమ్మాను. హన్మకొండకు దగ్గరలో ఉన్న మా ఊరి చెరువులో పొద్దున పూట బాగానే నడిచేది. ఒకరోజు పది దాటాక గాలి లేచింది. ముక్కు గాలివైపు తిరిగి కూర్చుంది. ఒక్క పక్కనే తెడ్డు వేసీ వేసీ కుడి భుజం పట్టేసింది. మత్తడి దగ్గర ఎక్కినదాన్ని తూము అవతల తుంగలో తేలాను. అప్పట్నుంచి అయిదు లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు నింపి, ముందు రెండు, వెనక రెండు పెట్టుకుని వెళ్లేదాన్ని. 20 కిలోలు పడగానే పడవ మాట వినేది. నా తప్పు కాదని, బరువు చాలక అలా చేస్తోందని అప్పుడు అర్థమైంది.

ప్రతి కయాక్‌నూ ఫలానా బరువు ఎక్కుతుందని లెక్కవేసి గీస్తారు. అంతకంటే తేలికైన మనిషి కూర్చుంటే అది నీళ్లలో దిగాల్సినంత దిగదు. పైన గాలికి దొరికే ఒళ్లు పెరుగుతుంది, కింద నీళ్లలో పట్టు తగ్గుతుంది. ముందుకు పోయే కయాక్‌లో ముక్కును ఎదుటి నీళ్లు ఎలాగూ అదిమి పట్టుకుంటాయి. తోకకు ఆ పట్టు ఉండదు. పక్కగాలి తోకను తోసేస్తే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. పడవ ఎంత పైకి తేలితే ఈ గోల అంత ఎక్కువ.

ఇప్పుడున్నది పేరు చివర 'ఎల్‌వీ' అని ఉండే రకం, అంటే లో వాల్యూమ్, చిన్న ఒళ్లవాళ్ల కోసం లోపలి చోటు తగ్గించి చేసినది. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని, కారు పైన కట్టుకుని, వెనక ఎర్రగుడ్డ వేలాడదీసి తెచ్చాం. టేపు పెట్టి కొలిస్తే పొడవు 4.9 మీటర్లు, వెడల్పు 54 సెంటీమీటర్లు. అసలు తేడా ఈ రెండింటిలో లేదు. కూర్చునే చోట ముందు అంచు దగ్గర లోతు 30 సెంటీమీటర్లే. పాతదానికీ దీనికీ మధ్య మూడు నాలుగు వేళ్ల తేడా. ఆ కాస్తలోనే అంతా ఉంది. పాతదాంట్లో మోకాళ్లు డెక్‌ను, అంటే పడవ పైకప్పును, తాకేవే కావు, తొట్టిలో కూర్చున్నట్టు ఉండేది. దీంట్లో పాదాలు ఆసరాకు ఆనించి మోకాళ్లు కొద్దిగా విడదీస్తే తొడలు రెండు పక్కలా వచ్చి తగులుకుంటాయి. పాదాల ఆసరాను నా దాకా జరిపాక ఇంకా దగ్గరికి జరపడానికి రెండు గాట్లు మిగిలాయి. నాకంటే పొట్టివాళ్లకూ సరిపోతుందన్నమాట.

మా చెరువులో చేపలు పట్టే కాక ఒకాయన ఉన్నాడు. రెండు పడవల్లోనూ నన్ను చూశాడు. కొత్తదాంట్లో మొదటిరోజు తిరిగొచ్చాక, "అది మీ అన్న అంగి తొడిగినట్టుండె బిడ్డా, ఇది నీకు కుట్టిచ్చిన రైక లెక్కున్నది" అన్నాడు. నాకు ఇంతకంటే బాగా చెప్పడం రాదు.

ఒంటికి పట్టిన పడవలో నడుముతో పని చేయొచ్చు. ఎడమకు తిరగాలంటే ఎడమ మోకాలు పైకి నొక్కి, బరువు కుడి పిరుదు మీద వేసి, పడవను కుడి అంచుకు వాల్చి, కుడి పక్క దూరంగా తెడ్డు తిప్పుతాను. పాతదాంట్లో వాల్చాలని చూస్తే నేను వాలేదాన్ని, పడవ కదిలేది కాదు. మొదటి వారం మాత్రం ఇది అల్లల్లాడుతుంది, టెన్షన్ పడతాం. అది నిలకడగా ఉన్న నీటిలోనే. వాల్చిన కొద్దీ ఒకచోట గట్టిగా ఆగుతుంది. ఆ చోటు ఒంటికి తెలిశాక భయం పోయింది.

డెక్ కిందికి ఉండటంతో తెడ్డూ మారింది. ఇదివరకు 230 సెంటీమీటర్లది వాడేదాన్ని, పడవ అంచు దాటి నీళ్లు అందాలంటే అంతది కావాల్సొచ్చేది. ఇప్పుడు 210 చాలు. సన్న కడ్డీ, చిన్న రెక్కలు. మూడు గంటలు వేసినా మణికట్టు లాగదు. చిన్న చేతులవాళ్లు తెడ్డు కడ్డీ లావు తప్పకుండా చూసుకోవాలి. వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలిని తాకకపోతే సాయంత్రానికి ముంజేయి రాయవుతుంది.

పొడవు తక్కువైతే వేగం తగ్గదా అని అడుగుతారు. పొడుగు పడవకు గరిష్ఠ వేగం ఎక్కువ, నిజమే. దాన్ని అందుకునే బలం నా దగ్గర ఉండాలి కదా. గంటకు అయిదారు కిలోమీటర్ల మామూలు నడకలో మనల్ని వెనక్కి లాగేది ఎక్కువగా పడవ అడుగును రాసుకునే నీళ్లే. అడుగు ఎంత చిన్నదైతే అంత సుఖం. సాయంత్రం దాకా నడిపి చూస్తే నా అంచనాకు ఇదే ముందు చేరుతుంది.

దీని గుణం నాకు పూర్తిగా తెలిసింది పాకాలలో. అడిగి అనుమతి తీసుకుని వెళ్లాం. పాకాల కాకతీయుల నాటి పెద్ద చెరువు. చుట్టూ గుట్టలు, మధ్య సందుకు అడ్డంగా కట్ట. గాలి గుట్టల వైపు నుంచి వస్తే అల చెరువు పొడవునా పెరుగుతూ వచ్చి కట్టకు కొట్టుకుని తిరిగొస్తుంది. వెళ్లే అల, వచ్చే అల కలిసిన చోట నీళ్లు నిలువుగా ఎగిసిపడతాయి. అక్కడ పాతదాంట్లోనైతే వెనక్కి తిరిగేదాన్ని. దీంట్లో మోకాళ్లు వదులు చేసి నడుము కింద పడవను దానిష్టానికి ఊగనిచ్చాను. భుజాలు కదల్లేదు. పావుగంట అక్కడే అటూ ఇటూ తిరిగాను, నవ్వు ఆగలేదు.

పక్కగాలికి స్కెగ్ ఉంది. వెనక అడుగున పెట్టెలోంచి దిగే చిన్న రెక్క అది. సగం దింపితే పడవ తిన్నగా పోతుంది, గాలి వెనక నుంచి వస్తే పూర్తిగా దింపాలి. ఎదురుగాలికి అక్కర్లేదు. దీంతోనే నాకు ఎక్కువ చికాకు కూడా. ఒడ్డున ఇసుక, గులకరాళ్లు పెట్టెలో ఇరుక్కుంటే దిగదు. రెక్కకు చిన్న రంధ్రం చేసి గాలం దారం ముడి వేసి ఉంచాను, ఇరుక్కుంటే పక్క పడవలోవాళ్లు లాగుతారు. చెరువుల్లో వల తాళ్లున్న చోట ముందే పైకి తీసేయండి. ఒకసారి మా కాక వల తగులుకుంది. దిగి విప్పేసరికి అరగంట, పాపం వలలో రెండు కళ్లు తెగాయి కూడా.

సముద్రానికి మూడుసార్లు తీసుకెళ్లాం, మూడూ బాపట్ల దగ్గర సూర్యలంకకే. సన్న ముక్కు అల మీదికి ఎక్కదు, అలలోంచి దూరుతుంది. ప్రతి అలా ఛాతీకి తగులుతుంది. నడుముకు బిగించి, కూర్చునే చోటును నీళ్లు రాకుండా కప్పే నీటి స్కర్టు లేకుండా దీంతో సముద్రంలోకి దిగొద్దు. దాటాక మాత్రం హాయి. తిరగబడి నీళ్లలోంచి ఎక్కడమూ తేలికే. డెక్ కిందికి ఉంది కాబట్టి బోర్లా పడుకుని ఒంటిని పైకి లాక్కోగలను. సీటు వెనకే అడ్డగోడ ఉండటంతో, తోడు వచ్చినవాళ్లు ముక్కు ఎత్తితే నీళ్లు దాదాపు అన్నీ పోతాయి.

సామాను చోటు తక్కువ. రెండు రాత్రులకు సరిపడా పడుతుంది, అంతే. సీటు వెనక పట్టీ ఊరికే జారేది. హన్మకొండలో సోఫాలు కుట్టే ఆయన దగ్గర గట్టి ఫోమ్ కోయించి పిరుదుల పక్కనా వెనకా పెట్టించాను, ఇప్పటికీ అదే ఉంది. అడుగున రాయి గీసుకుని లోతుగా చీరినప్పుడు ఏ జిగురూ పట్టలేదు. పడవ చేసిన ఈ పాలిథిన్ మీద మామూలు జిగురు ఏదీ అతకదు. చివరికి కారు బంపర్లు అతికే మెకానిక్ అదే రకం ప్లాస్టిక్ కడ్డీ కరిగించి పోశాడు.

బరువు 24 కిలోలు, నాలో సగం. చిన్నవాళ్ల కోసం చేశామని చెప్పే పడవను చిన్నవాళ్లు ఒక్కరే ఎత్తలేకపోవడం నాకు మింగుడుపడని విషయం. చక్రాల బండి లేకుండా నేను గేటు దాటలేను. కొనేవాళ్లు ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. మొదటి వేసవిలో కారు పైన తాళ్లు బిగించి మధ్యాహ్నం వదిలేస్తే అడుగు సొట్టపోయింది. మర్నాడు తాళ్లు విప్పి ఎండలో బోర్లించి పెడితే చాలావరకు అదే సర్దుకుంది. ఇప్పుడు మార్చి రాగానే ఇంటి పక్క నీడ సందులో, లోపలి అడ్డగోడలున్న చోట్ల కింద పాత టైర్లు పెట్టి పక్కకు పడుకోబెడతాను. లోపలి గాలి వేడికి ఉబ్బి మూతల రబ్బరు పాడుచేయకుండా హ్యాచ్‌లు (సామాను అరల మూతలు) తెరిచి, బల్లులు దూరకుండా పాత చున్నీ కట్టేస్తాను.