నాలుగేళ్ళుగా అమ్మ వింటున్న రేడియో: పండగ రోజుల్లో ఎంతవరకు పనికొచ్చింది

నాన్న పోయింది 2020 కార్తీకంలో. ఆ ఏడాదంతా మా ఇంట్లో పండగ లేదు. గుమ్మంలో ముగ్గు లేదు, మామిడాకు లేదు, పిండివంటలు చుట్టాలే పంపించారు. నిజం చెప్పాలంటే ఆ ఏడాదే అమ్మకి కాస్త తేలిగ్గా గడిచింది. దిగులుగా కూర్చుంటే ఎందుకని ఎవరూ అడగలేదు. ఏడాది దాటి, "ఇక మీరూ పండగ చేసుకోవచ్చు" అని అందరూ అన్నాక మొదలైంది అసలు కష్టం.

అమ్మ ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో, నేను గుంటూరులో. 2021 డిసెంబరులో, సరిగ్గా ధనుర్మాసం పెట్టగానే, బల్ల మీద పెట్టుకునే రేడియో ఒకటి కొనిచ్చాను. ధర రెండు వేల లోపే. అంతకుముందు అన్నయ్య మాట చెబితే పాట పాడే స్పీకరు పంపాడు. దానికి ఇంటర్నెట్ ఉండాలి, పేరు పెట్టి పిలవాలి, అమ్మ అడిగింది ఒకటైతే అది పాడేది ఇంకొకటి. వారం తిరక్కుండా దాని మీద గుడ్డ కప్పేసింది. రేడియోతో ఆ తంటా లేదు. బెజవాడ స్టేషను మొదలైంది 1948 డిసెంబరు 1న, అమ్మ పుట్టింది ఆ తర్వాత రెండేళ్ళకి. భక్తిరంజని వస్తుంటే కాఫీ పొయ్యి మీద పెట్టే ఇంట్లో పెరిగిన మనిషి. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, మీట తిప్పడం తప్ప.

2022 సంక్రాంతికి మేం పెద్ద పొరపాటు చేశాం. అమ్మని సంతోషపెట్టాలని పద్నాలుగు మందిమి దిగాం. హాల్లో టీవీ, పిల్లల గోల, పేకాట. అమ్మ కాసేపు కూర్చుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. "ఇంకా అదే దిగులు" అంది వదిన. నేను వెళ్ళి చూస్తే రేడియో పూర్తి సౌండులో మోగుతోంది. ఎందుకమ్మా ఇంత సౌండు అంటే, "ఇంతైతేనే మాట తెలుస్తోందే" అంది. అప్పటికిగానీ నాకు అనుమానం రాలేదు. పండగ వెళ్ళాక చెవుల డాక్టరుకి చూపిస్తే రెండు చెవులకీ వినికిడి తగ్గిందన్నారు. వయసు పైబడ్డాక స, శ లాంటి సన్నటి శబ్దాలు ముందు పోతాయట. ఒక్కరు ఎదురుగా మాట్లాడితే తెలుస్తుంది, పదిమంది ఒకేసారి మాట్లాడితే అంతా హోరే. మేం దిగులు అనుకున్నదాంట్లో సగం ఇదే. రేడియో సౌండు అంత పెట్టకపోతే మాకు ఇంకో రెండేళ్ళకి కూడా తెలిసేది కాదేమో. చెవి మిషను పెట్టించాక ఇప్పుడు సౌండు సగానికి దిగింది.

ఇంకో మేలు నేను అనుకోనిది. నాన్న రైల్వేలో గార్డు. డ్యూటీ మీద వేరే ఊరు వెళ్తే అక్కడ సిబ్బంది దిగే రన్నింగ్ రూములో ఉండేవారు. ఆయన పోయాక ఏడాది పైగా అమ్మ ముందు ఆయన పేరెత్తకుండా జాగ్రత్తపడ్డాం, గుర్తుచేస్తే ఏడుస్తుందని. ఒక మధ్యాహ్నం రేడియోలో ఏదో పాత పాట వస్తుంటే అమ్మే అంది: "గూడూరు రన్నింగ్ రూములో వంట చేసుకుంటూ ఇదే పాడేవార్ట మీ నాన్న. పప్పు మాడిందని ఇంటికొచ్చి చెప్పారు." నేను "తర్వాత?" అన్నాను, అంతే. గంటసేపు చెప్పింది. మధ్యలో ఏడ్చింది, ముక్కు తుడుచుకుని మళ్ళీ చెప్పింది. గుర్తుచేయడానికి ఆవిడ మరిచిపోయిందెప్పుడు? మాకు ధైర్యం లేక ఆ జాగ్రత్తంతా.

2023 భోగికి ముందు రోజు అరిసెలు మొదలుపెట్టింది. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసి, "ఇంకొంచెం ముదరాలి" అంది. వంటింటి గట్టు మీద రేడియో పాడుతోంది. మొదటి అరిసె వేగగానే గరిటెతో తీసి, చూడకుండానే చెయ్యి పక్కకి చాపింది. అరిసెల చెక్కలు పట్టుకుని అక్కడ నిలబడేది ఎప్పుడూ నాన్నే. నూనె గరిటె నుంచి కారి గట్టు మీద పడుతోంది. నేను గబుక్కున చెక్కలు అందుకున్నాను. "అంత గట్టిగా నొక్కకే, విరిగిపోతాయి. మీ నాన్న మెల్లగా నొక్కేవారు" అంటూ పమిటతో కళ్ళొత్తుకుంది. ఏడవద్దని నేను అనలేదు. రెండు కిలోల బియ్యప్పిండి అలాగే అయ్యింది. పెద్దపండగనాడు నాన్న పేరున కొత్త పంచె పెట్టినప్పుడు ఆ అరిసెలే నైవేద్యం.

ఇదంతా రేడియో చేసిందని నేననను. పక్కన మనిషి కూర్చోకపోతే అది ఖాళీ ఇంట్లో మోత, అంతే. పైగా దానితో కానిది ఒకటుంది. 2023 దసరాకి ఊరంతా దుర్గమ్మ కొండకి నడుస్తుంటే అమ్మ మంచం దిగలేదు. రెండు వారాలు సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు, రేడియో తనే కట్టేసింది. "నేనెందుకే ఇంకా" అన్న రోజు నాకు కాళ్ళాడలేదు. 14416కి, అంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్‌కి, ఫోన్ చేశాను. ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అమ్మతోనూ మాట్లాడి, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమన్నారు. థైరాయిడ్, బీ12 పరీక్షలు చేస్తే బీ12 బాగా తక్కువ ఉంది. ఇంజెక్షన్లు, దిగులుకి మందు కొన్నాళ్ళు. నెలన్నర పట్టింది గాని, కార్తీకం చివర్లో ఒక పొద్దున ఫోన్ చేస్తే వెనకాల రేడియో వినపడింది. పెద్దవాళ్ళు ఇష్టంగా వినేది, చేసేది ఉన్నట్టుండి మానేస్తే పండగ దిగులే అనుకుని వదిలేయకండి.

వస్తువు సంగతి. ఎఫ్‌ఎం శుభ్రంగా వస్తుంది. మీడియం వేవ్‌లో గరగర ఎక్కువ, ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జరు దగ్గరుంటే మరీను. వాటిని ఆపి, రేడియోని బల్ల మీదే అటూ ఇటూ తిప్పి చూడండి. మీడియం వేవ్‌కి పట్టే యాంటెనా లోపలే ఉంటుంది, దిక్కు మారితే మాట తేరుకుంటుంది. లోపలి బ్యాటరీ పద్నాలుగు నెలలకే చచ్చింది, కొన్న షాపువాళ్ళు పట్టించుకోలేదు. వన్‌టౌన్‌లో బాగుచేసే ఒకాయన కొత్తది వేసిచ్చాడు. మళ్ళీ కొంటే మామూలు సెల్లులతో, కరెంటుతో రెండిటితోనూ నడిచేదే కొంటాను. మీట పెద్దదిగా, అంకెలు లావుగా ఉండాలి. అమ్మకి అంకెలు ఆనక, స్టేషను దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. చాలా పనికొచ్చింది.

మొన్న వెళ్ళినప్పుడు చూస్తే ఆ చుక్క చెరిగిపోయింది. మళ్ళీ పెడతానంటే, "అక్కర్లేదులే, చేతికి తెలుస్తోంది. ఆ చెక్కలు మాత్రం అటక మీంచి దించి వెళ్ళు" అంది.