తూపిలిపాళెం ఒడ్డున నాలుగేళ్లు: నా డబ్బాలో మిగిలిన లూర్లు

తిరుపతిలో ఉండేవాడివి, నీకు సముద్రం వేట ఎక్కడిది అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు వాకాడు, సూళ్లూరుపేట, తడ వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పేపర్లో ఆ మ్యాపు చూసిన నెలలోనే నేను పదడుగుల రాడ్ కొన్నాను. అప్పటి నుంచి నెలకు రెండు సార్లైనా తెల్లవారుజామున రెండు గంటలకు బండి తీసి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు మీదుగా తూపిలిపాళెం పోతాను. వంద కిలోమీటర్ల పైనే. అంత దూరం పోయి తప్పు లూర్ (చేపను మోసం చేసే బొమ్మ ఎర) కట్టుకుని నిలబడితే ఎంత బాధో తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు నా సామాను చెప్తాను, లేకపోతే నా మాటలు మీకు సరిపోకపోవచ్చు. రాడ్ 15 నుంచి 40 గ్రాముల దాకా విసిరేది. 4000 సైజు రీలు, 1.5 నంబరు బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం), దాని చివర లూర్ కట్టడానికి రెండు బారల లీడర్ దారం. పడవ లేదు, వల లేదు, రొయ్య ఎర కూడా లేదు. వట్టి లూర్లే.

మొదటి డబ్బా కంటికి నచ్చిందల్లా కొని నింపాను. ఎరుపు తల, తెల్ల ఒళ్లు, పచ్చ చారలు. పదిహేను గ్రాములకు మించింది ఒక్కటీ లేదు. తెల్లారకముందు పర్వాలేదు. అప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, వీపు వెనక నుంచి తోస్తుంది కాబట్టి తేలికదైనా పోతుంది. పొద్దెక్కి పది దాటాక సముద్రపు గాలి ఎదురు తిరుగుతుంది. అంతే, ఆ రంగుల బొమ్మలు గాల్లో పల్టీలు కొట్టి, అలల నురుగులో పడి, తర్వాతి అలతో నా కాళ్ల దగ్గరికే వచ్చేవి. మొదటి నాలుగు నెలలు ఇట్లాగే పోయాయి.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది 30 గ్రాముల మెటల్ జిగ్, అంటే చిన్న చేపలా పోసిన లోహపు లూర్. నా వేలంత పొడవు, సన్నంగా, బరువు తోక వైపు ఉన్నది. కొన్నప్పుడు ఒక పక్క నీలం, ఒక పక్క వెండి. మెరిసే స్టిక్కరు మొదటి వేసవిలోనే ఊడిపోయింది. ఇసకకు రాసుకుని రాసుకుని రంగు పోయి, పొట్ట కింద సీసం బూడిద రంగులో బయటపడింది. తోక దగ్గర రెండు గీతలున్నాయి, సావడాయి చేప పళ్ల గుర్తులు. కన్ను బొమ్మ ఒక పక్కే మిగిలింది. అయినా పోయిన నెల దీనికే రెండు తోలుపార చేపలు పడ్డాయి. సీసం తేలిన జిగ్‌ను ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏదీ తినకండి, పిల్లల చేతికి అసలే ఇవ్వకండి.

మెటల్ గొప్పతనం దూరం. తోక బరువుగా ఉన్నది బాణంలా పోతుంది, ఎదురుగాలిలో కూడా నీళ్ల కింద ఉన్న ఇసక దిబ్బ అవతలికి చేరుతుంది. కవళ్లు అనే చిన్న చేపల గుంపు మీద పక్షులు మునిగి లేస్తుంటే దాన్ని అందుకోగలిగేది ఇదొక్కటే. విసిరాక లైన్ బిగువుగా పెట్టి మునగనివ్వాలి. అడుగు తగిలిన వెంటనే రాడ్ ఎత్తి వేగంగా చుట్టాలి, నాలుగైదు చుట్లకు ఒకసారి ఆపాలి. చేప కొట్టే దెబ్బలు చాలావరకు ఆ ఆపిన క్షణంలోనే పడతాయి. నెమ్మదిగా లాగితే మాత్రం ఇసకలో దున్నుకుంటూ వస్తుంది, దానికి మెటల్ పనికిరాదు. బరువు మధ్యలో ఉండి వెడల్పుగా ఉన్న రకం ఆకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ మునుగుతుంది. చూడ్డానికి ముచ్చటే గానీ గాలికి ఆగిపోతుంది. ఉదయం పూట తప్ప నేను వాడను.

రెండో ఏడాది దాకా దూరమే సర్వం అనుకున్నాను. ఒక రోజు పాలెం పెద్దాయన ఒకరు వల బాగుచేసుకుంటూ నన్ను చాలాసేపు చూసి, "ఏందబ్బయా, అంత దూరం ఇసిరేది? చేప ఈడ గుంతలో ఉండాది" అని చెయ్యి చూపించాడు. ఒడ్డుకు, మొదటి దిబ్బకు మధ్య నీళ్లు కొంచెం ముదురు రంగులో, అల విరగకుండా ఉన్న చోటు. నేను నిలబడిన చోటికి పదిహేను, ఇరవై మీటర్లు. అల వెనక్కి పోయేటప్పుడు ఇసకలోని పురుగు, పీత, చిన్న చేప అన్నీ ఆ గుంతలోకే జారతాయి. పెద్ద చేప అక్కడ కాచుకుని ఉంటుంది. ఆ మాట విన్న రోజు నుంచి నా లూర్ల లెక్కే మారింది.

గుంతకు మెటల్ కాదు, మునిగే మిన్నో (చేప ఆకారంలో ఉండే ప్లాస్టిక్ లూర్) కావాలి. 9 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, పాతిక గ్రాములు అటూ ఇటూ. లోపల గుండ్లు జరిగే రకం తీసుకోండి. విసిరేటప్పుడు బరువు తోకకు జరిగి తిన్నగా పోతుంది. ఒడ్డుకు నిలువుగా కాకుండా ఏటవాలుగా విసిరి, గుంత వెంబడి నడిపించాలి. అల మీదికి వచ్చినప్పుడు లైన్ వదులవుతుంది, అప్పుడు చుట్టుడు పెంచాలి. అల వెనక్కి లాగినప్పుడు ఆపినా చాలు, నీళ్లే దాన్ని ఆడిస్తాయి. ముందు పెదవి, అంటే మూతి కింద ఉండే ప్లాస్టిక్ రేకు, పెద్దగా ఉన్నవి మాత్రం కొనకండి. మా తీరం లోతు తక్కువ, ఆ పెదవి ఇసకలో గుచ్చుకుంటుంది.

ఇక రబ్బరు చేప. మా తిరుపతి పక్కన పారే స్వర్ణముఖే వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ ఎండిన ఇసకగా చూసే ఏటిని అక్కడ ఉప్పునీళ్లతో నిండి చూస్తే నాకు ప్రతిసారీ ఏదోగా ఉంటుంది. ఆ మొగలో నీళ్లు కలక. ఆటు మొదలై ఏటి నీళ్లు సముద్రంలోకి దిగే రెండు గంటల్లో నాలుగంగుళాల రబ్బరు చేపను 20 గ్రాముల జిగ్‌హెడ్‌కు (బరువు తల ఉన్న హుక్కుకు) గుచ్చి అడుగున నెమ్మదిగా ఎగరేస్తూ తెస్తే పండుగప్పకు అంతకు మించింది లేదు. తోక ఊపుడు చేపకు ఒంటికి తెలుస్తుంది, కంటికి కనపడాల్సిన పని లేదు. లోపం ఒకటే, పొట్ట ఉబ్బించే ముళ్ల చేపలు తోకలు కత్తిరించినట్టు కొరికేస్తాయి. పూటకు మూడు నాలుగు పోతాయి, అన్ని ఎక్కువ పెట్టుకుని పోండి.

నీళ్ల మీద తేలి చప్పుడు చేసే పాపర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సముద్రం పళ్లెంలా ఉన్న రోజు, వెలుగు రాకముందు అరగంట. మిగతా రోజులు నురుగులో దాని చప్పుడు ఎవరికీ వినపడదు.

రంగు గురించి అందరూ అడుగుతారు. తేట నీళ్లకు వెండి, నీలం. అక్టోబరు నుంచి వానలకు నీళ్లు ఎర్రబడితే బంగారు రంగు, నిమ్మపచ్చ. చీకట్లో నలుపు, ఎందుకంటే పైన ఆకాశానికి అడ్డంగా ముదురు నీడే బాగా కనపడుతుంది. ఇంతకు మించి రంగుకు డబ్బు పెట్టకండి. రంగు కంటే సైజు ముఖ్యం. పాలెంలో బుట్టల్లోకి ఆ వారం నెత్తళ్లు వస్తున్నాయా, కవళ్లు వస్తున్నాయా చూసి ఆ పొడవు లూర్ కట్టండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది హుక్కుల గురించి. ఆన్‌లైన్లో తక్కువకు దొరికిందని ఒక మిన్నో కొన్నాను. మొగ దగ్గర దానికి పండుగప్ప పడింది. చివరి అల దాకా తెచ్చాను, వెండి పక్క కనపడింది, నా మోచెయ్యి అంత. అల వెనక్కి పోతుంటే నేను ఆగకుండా లాగాను. హుక్కును లూర్‌కు పట్టి ఉంచే రింగు విచ్చుకుంది. లూర్ వచ్చింది, హుక్కు చేపతో పోయింది. చేప పోయిందన్న బాధ కంటే నోట్లో హుక్కుతో పోయిందన్న బాధ ఎక్కువ. వెనక్కి పోయే నీళ్లలో చేప లాగుడు ఎంతో పెరుగుతుంది. అప్పుడు లైన్ ఇచ్చి ఆగాలి, తర్వాతి అలే దాన్ని ఒడ్డున పెడుతుంది.

ఇంకోసారి మూడు కొక్కేల హుక్కు బొటనవేలిలో ఎదురుముల్లు దాకా దిగింది. ఒంటి చేత్తో బండి నడుపుకుంటూ డాక్టరు దగ్గరికి పోయాను. అప్పటి నుంచి ఏ లూర్ కొన్నా మొదటి పని, ఉన్న రింగులు, మూడు కొక్కేల హుక్కులు తీసేసి గట్టి రింగు, ఒంటి హుక్కు వెయ్యడం, ఎదురుముల్లును పటకారుతో నొక్కెయ్యడం. లైన్ బిగువుగా ఉంటే చేప ఊడదు, చిన్నదైతే దెబ్బ తగలకుండా వదిలెయ్యొచ్చు. మార్చాక మిన్నోను ఒకసారి ఒడ్డు దగ్గర లాగి చూసుకోండి. హుక్కు బరువు తగ్గితే కొన్ని పక్కకు ఒరుగుతాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఇసక మీదికే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో రాత్రి లైటు సముద్రం వైపు వెయ్యను. తెగిన లైన్ ముక్క ఒక్కటి కూడా వదలను, సీసాలో వేసి ఇంటికి తెస్తాను. మెడకు లైన్ చుట్టుకుని చచ్చిన తాబేలును ఒకసారి చూశాను, చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మూడు మెటల్ జిగ్గులు, ఒక మునిగే మిన్నో, ఒక ప్యాకెట్ రబ్బరు చేపలు కొనండి. మెటల్ తలా రెండు వందలకు దొరుకుతుంది, మిన్నోకు మాత్రం వెయ్యి పెట్టాల్సి వస్తుంది. ఇంటికి రాగానే బకెట్ మంచినీళ్లలో అన్నిటినీ పావుగంట నానబెట్టి, నీడలో ఆరనిచ్చి, తర్వాతే డబ్బా మూత పెట్టండి. తడి లూర్ ఒక్కటి లోపలుంటే వారానికి డబ్బా అంతా తుప్పే.