పెద్దాసుపత్రిల నేర్సుకునుడా, బస్తీ దవాఖానలనా?

ఫ్యామిలీ మెడిసిన్ (ఇంటిల్లిపాదిని సూసే డాక్టరు సదువు) పీజీ 3 ఏండ్లు ఎక్కడ చేస్తే మంచిగుంటదంటే, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిల పాముకాటు, గుండెపోటు, పురుగుల మందు కేసులు అన్నీ కండ్ల ముందటికే వస్తయ్, పక్కన సీనియర్లుంటరు, ఆ అనుభవం ఇంకోకాడ రాదు. కానీ సూశిన పేషెంటు మళ్ల కనబడుడు తక్కువ. బస్తీ దవాఖానల అట్ల కాదు, అవ్వ నెలనెలా గోలీలకొస్తది, షుగర్ ఎందుకు తగ్గలేదే అంటే దినమంతా బీడీలు చుట్టుకుంట కూసుంటున్న బిడ్డా, రాత్రి గోలీ మర్శిపోతున్న అంటది, మనుమడి టీకా సంగతి గూడ ఆమెనే ఎత్తుతది, ఆశా అక్క ఇల్లు సూపిస్తది. పెద్ద పరీక్షలకు బయటికి పంపాలె, నిజమే. నన్నడిగితే మొదటేడు పెద్దాసుపత్రి, తర్వాత వారానికి 2 రోజులన్నా అదే బస్తీల అదే డాక్టరు కూసోవాలె. ఎండీ, ఎంఎస్ వాళ్లకున్న జిల్లా రెసిడెన్సీ, అంటే సదువుల భాగంగ జిల్లా ఆసుపత్రిల పనిచేసుడు, 3 నెలలే, అండ్ల అసొంటి అవ్వ మూడుసార్లే కనబడ్తది.