టీ మొక్కకి వామా, డీఏపీయా, ట్రైకోడెర్మానా: ఏది మేలు?

మేడ మీద టీ మొక్కలు పెట్టానని చెప్పిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న, వామ్ వేయాలా, డీఏపీ చాలదా, ట్రైకోడెర్మా ఉంది కదా అదే వేసేస్తే పోలా అని. వామ్ అంటే వేళ్లలో చేరి మొక్కతో కలిసి బతికే శిలీంధ్రం, పొడిగా దొరుకుతుంది; డీఏపీ భాస్వరం, నత్రజని ఉన్న రసాయన ఎరువు; ట్రైకోడెర్మా ఇంకో రకం శిలీంధ్రం. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసేస్తున్నా.

పోయినేడాది జూన్‌లో నీలగిరుల్లోని కూనూర్ నుంచి మూడు మొక్కలు తెచ్చి బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీద పెట్టా. ఒకదానికి గుంతలో వేళ్లకి ఆనేలా వామ్, రెండోదానికి డీఏపీ, మూడోదానికి వామే కానీ పైన చల్లి నీళ్లు పోశా. మొదటి నెల డీఏపీదే పైచేయి, నిజం ఒప్పుకోవాలి. రెండు నెలలు దాటాక వామ్ మొక్క చిగుళ్లేసి దాన్ని దాటేసింది, మూడోది మాత్రం తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే. మూడు మొక్కలతో రుజువైపోయిందని అనను గానీ కారణం మాత్రం తెలిసిందే.

టీకి మట్టి పుల్లగా ఉండాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5. అలాంటి మట్టిలో ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని పట్టేసుకుంటాయి, అసలే అది కదలని సరుకు, వేరు తన చుట్టూ ఉన్న మిల్లీమీటరో రెండో ఖాళీ చేశాక అక్కడితో ఆగిపోతుంది. వామ్ పోగులు వేరు లోపలికి దూరి, బయట ఆ ఖాళీ దాటి సెంటీమీటర్ల దూరం వెళ్లి తెచ్చిపెడతాయి. ఊరికే కాదు, ఆకులు తయారుచేసిన ఆహారంలో 20 శాతం దాకా కూలి పుచ్చుకుంటాయి. అందుకే డీఏపీ దండిగా పడితే మొక్క దీన్ని పట్టించుకోదు, ఇంట్లో సరుకులు నిండుగా ఉంటే కిరాణా కొట్టుకి ఎవరెళ్తారు? రెండూ కలిపి వేస్తే పొడి డబ్బులు దండగ.

నా దృష్టిలో అసలు సంగతి ఏ పొడి కొన్నామన్నది కాదు, అది వేరుకి తగిలిందా లేదా అన్నదే. జీవమున్న వేరు లేకపోతే ఈ శిలీంధ్రం పెరగదు. నాకు తెలిసిన ఒకాయన బెల్లం నీళ్లలో మూడ్రోజులు నానబెట్టి పోశారట, ట్రైకోడెర్మా అయితే పశువుల ఎరువులో పెంచుకోవచ్చు గానీ వామ్‌తో ఆ పప్పులుడకవు. కంపోస్టు మీద తెల్లటి దారాలు కనిపించగానే వామ్ వచ్చేసిందని ఫొటోలు పంపేవాళ్లూ ఉన్నారు, బాబూ, వేరులోకి దూరిందా లేదా తెలియాలంటే వేరుకి రంగేసి మైక్రోస్కోపులో చూడాల్సిందే, ఆ దారాలు వేరే బూజు.

ట్రైకోడెర్మా వేరుకుళ్లుకి మంచిదే, భాస్వరం పని దానికి అప్పజెప్పొద్దు. వామ్ పాకెట్ మీద గ్లోమస్, రైజోఫేగస్ లాంటి శిలీంధ్రాల పేర్లుంటే తీసుకోండి, ఒక్క పైసోలిథస్ మాత్రమే ఉంటే అది పైన్, యూకలిప్టస్ చెట్లకి, మనకి పనికిరాదు.

బోరు నీళ్లు పోసేవాళ్లకి ఇంకో మాట, ఆ ఉప్పు నీళ్లతో పీహెచ్ పైకెక్కి ఆకులు పసుపు రంగుకి తిరుగుతుంటే వామ్ కూడా ఆదుకోలేదు, వాన నీళ్లు పట్టి పెట్టుకోండి.

మూడో మొక్కని ఈ ఆదివారం కుండీ మారుస్తున్నా, ఈసారి పొడి వేళ్ల మీదే.