ఎమ్‌ఎస్‌ఆర్ విస్పర్‌లైట్ ఇంటర్నేషనల్: వంట పొయ్యి కాదు, నీళ్ల పొయ్యి

మంచు గీత దాటాక క్యాంపులో స్టవ్వుకి పడే పనిలో ఎక్కువ భాగం నీళ్లు తయారుచేయడమే. వంట తర్వాతి మాట. ఆ పనికైతే, సీసాలో ద్రవ ఇంధనం పోసి పంపు కొట్టి వెలిగించే విస్పర్‌లైట్ ఇంటర్నేషనల్ ఇప్పటికీ కొనదగ్గ స్టవ్వే. వండుకోవడానికని కొన్నవాళ్లు మాత్రం మొదటి పూటే తిట్టుకుంటారు.

సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు కరగడానికే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. 5,000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 83 డిగ్రీలకే మరుగుతాయి. కరిగిన ఆ కిలో నీళ్లను అక్కడిదాకా తేవడానికి ఇంకో 347 కిలోజౌళ్లు. అంటే గిన్నెలో మంచు పూర్తిగా కరిగేసరికే సగం ఇంధనం హరించుకుపోతుంది. గ్యాస్ క్యాన్ స్టవ్వులు ఇక్కడే చతికిలపడతాయి. క్యాన్‌లో నింపే గ్యాసుల్లో, సముద్ర మట్టం దగ్గర బ్యూటేన్ -0.5 డిగ్రీలకు, ఐసోబ్యూటేన్ సుమారు -12కు మరుగుతాయి. చలి అంతకంటే ముదిరితే క్యాన్‌లో ఒత్తిడి ఉండదు. ఎత్తు పెరిగితే ఈ అంకెలు కాస్త దిగుతాయి నిజమే, కానీ మిశ్రమంలోని ప్రొపేన్ ముందుగా ఖర్చయిపోయి, క్యాన్ చివరి మూడో వంతుకి వచ్చేసరికి మంట నీరసిస్తుంది. పంపు కొట్టే స్టవ్వులో ఒత్తిడి మన చేతిది. చలికి దానితో పనిలేదు.

ఈ సూత్రం కొత్తదేం కాదు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ పంపు స్టవ్వుదీ ఇదే పద్ధతి. 1911లో అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి తీసుకెళ్లింది ప్రైమస్సే, 1953 ఎవరెస్ట్ యాత్రలో వాడిందీ ప్రైమస్సే. వాటి ఇబ్బందల్లా ట్యాంకు సరిగ్గా బర్నర్ కిందే ఉండటం. గాలి ఆపుదామని చుట్టూ గట్టిగా మూస్తే ట్యాంకు కాగిపోతుంది. ఎత్తులో వచ్చే జబ్బుకు ఒంట్లో నీళ్లు చాలకపోవడం కూడా ఒక కారణమని నమ్మిన ఎమ్‌ఎస్‌ఆర్ స్థాపకుడు లారీ పెన్‌బర్తీ, 1973లో మోడల్ 9 స్టవ్వులో ఇంధనం సీసాను బర్నర్ నుంచి విడదీసి మధ్యన గొట్టం పెట్టాడు. 1984లో వచ్చిన విస్పర్‌లైట్ ఆ వరసలోదే.

అందుకే ఈ స్టవ్వులో అసలు గొప్పతనం బర్నర్ కన్నా దాంతోపాటు వచ్చే పల్చటి అల్యూమినియం గాలి తెరలో ఉందంటాను. సీసా తెర బయట ఉంటుంది కాబట్టి గిన్నె చుట్టూ ధైర్యంగా చుట్టేయొచ్చు. గిన్నెకీ తెరకీ మధ్య రెండున్నర సెంటీమీటర్ల సందు ఉంచితే చాలు. కింద వేసే గుండ్రటి రేకు కూడా మర్చిపోవద్దు. గాలి లేనిచోట లీటరు నీళ్లు నాలుగు నిమిషాలకు అటూ ఇటూగా మరుగుతాయి. తెర పెట్టకుండా గాలిలో వెలిగిస్తే ఆ లెక్కలేవీ పనిచేయవు. మంచు మీద అయితే రేకు కింద ఒక చెక్క పలకో, పార రేకో వేయాలి. లేకపోతే స్టవ్వు కింది మంచు కరిగి ఒక పక్కకి ఒరుగుతుంది, గిన్నె బోర్లా పడుతుంది.

వెలిగించడంలోనే చాలామంది తడబడతారు. సీసాలో గీత దాకే పోయాలి, పైన గాలికి చోటుండాలి. నిండు సీసాకి 20–30 సార్లు పంపు కొడితే సరిపోతుంది. సగం సీసా అయితే ఇంకా కొట్టాలి, ఎందుకంటే ఒత్తిడి చేయాల్సిన గాలి ఎక్కువ. వాల్వు కొద్దిగా తిప్పి, బర్నర్ కిందున్న ప్రైమింగ్ (గొట్టాన్ని ముందుగా వేడిచేసే) కప్పులోకి అర టేబుల్ స్పూను ఇంధనం దిగగానే కట్టేయాలి. సీసా దగ్గర, గొట్టం అతుకు దగ్గర కారుతోందేమో చూసి, అప్పుడే అంటించాలి. పసుపు మంట ఎగిసి బర్నర్ మీదుగా వంగి వెళ్లే గొట్టాన్ని కాలుస్తుంది. అది తగ్గి ఆరిపోవడానికి సిద్ధమైన క్షణంలో వాల్వు నెమ్మదిగా తెరిస్తే నీలి మంట అందుకుంటుంది. తొందరపడి ముందే తెరిచారా, గొట్టంలో ఇంధనం ఆవిరి కాకుండా ద్రవంగానే చిమ్మి పసుపు మంట అడుగెత్తు లేస్తుంది. కనుబొమలు పోయేది అప్పుడే. అలా అయితే కట్టేసి, కప్పులో మిగిలింది కాలిపోనిచ్చి మళ్లీ తెరవాలి. ఆరిపోయిన వేడి స్టవ్వుని వెంటనే వెలిగించకూడదు, ఐదు నిమిషాలు చల్లారనివ్వాలి.

ఇంధనం విషయానికొస్తే వైట్ గ్యాస్ (పేరుకే గ్యాస్, నిజానికి శుద్ధి చేసిన పెట్రోలు లాంటి ద్రవం), సీసం లేని పెట్రోలు, కిరోసిన్ మూడూ నడుస్తాయి. మొదటి రెంటికీ యూజీ అని రాసున్న జెట్ (ఇంధనం ఆవిరిని చిమ్మే సన్న రంధ్రమున్న ముక్క), కిరోసిన్‌కి యూకే జెట్. జెట్ మార్చకుండా కిరోసిన్ పోస్తే మంట పసుపుగా మండి, గిన్నె అడుగంతా మసి పడుతుంది. కిరోసిన్‌కి ప్రైమింగ్ కూడా ఎక్కువసేపు కావాలి. అన్నిటికన్నా శుభ్రమైనది వైట్ గ్యాసే. బంకు పెట్రోలు అత్యవసరానికి సరే గానీ అందులో కలిపే రసాయనాలు గొట్టంలో పేరుకుంటాయి, ఇథనాల్ ఎక్కువున్నది రబ్బరు రింగులకు మంచిది కాదు. మామూలుగా మనిషికి రోజుకి 100–125 మి.లీ. లెక్క వేసుకుంటే, నీళ్లన్నీ మంచు నుంచే రావాలంటే దానికి రెట్టింపు మోయాలి.

పాత పంపు స్టవ్వులకి పిన్ను పొడిచినట్టు దీనికి పొడవక్కర్లేదు. జెట్ కింద సూది ఉన్న చిన్న బరువు ఉంటుంది. స్టవ్వుని ఆపి, చల్లారాక పైకీ కిందికీ గట్టిగా ఊపితే సూది రంధ్రంలోంచి వచ్చిపోతూ మసిని తోసేస్తుంది. దానికీ లొంగకపోతే గొట్టంలో పేరుకున్నట్టు లెక్క. గొట్టం లోపలున్న తీగను స్టవ్వుతో వచ్చే పనిముట్టుతో పట్టి లాగి, తుడిచి, ముందుకీ వెనక్కీ కొన్నిసార్లు ఆడించి, కాస్త ఇంధనం బయటికి పోనిస్తే మంట మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాల పని. ఇదంతా గుడారం బయట చేతులు కొంకర్లు పోతున్నప్పుడు కాకుండా ఇంట్లో ఒకసారి చేసి చూసుకోవాలి.

జాగ్రత్తగా చూసుకోవాల్సింది పంపుని. అది ప్లాస్టిక్కు. సంచిలో బరువుల కింద పడితే పగలొచ్చు. కొడుతుంటే చేతికి ఒత్తిడి తగలకుండా వదులుగా జారిపోతుంటే పంపు కప్పు ఎండిపోయిందన్నమాట. బయటికి లాగి నాలుగు చుక్కల నూనె రాసి, వేళ్లతో అంచు విప్పితే పట్టు దొరుకుతుంది. ఓ-రింగులు, పంపు కప్పు ఉండే మరమ్మతు కిట్ లేకుండా ఈ స్టవ్వుతో కొండెక్కడం తెలివితక్కువ పని. అతి చలి ప్రాంతాలకు ఆ కంపెనీయే ఆర్కిటిక్ పంపు విడిగా అమ్ముతుంది.

మైనస్సు మార్కులు సన్న మంటకే. వాల్వు సీసా దగ్గరుంది, బర్నర్ గొట్టం అవతలి చివర దూరాన ఉంది. తిప్పిన కాసేపటికి గానీ మంటలో మార్పు కనపడదు. తగ్గిందని ఇంకొంచెం తిప్పేలోపు ఆరిపోతుంది. సీసాలో ఒత్తిడి తక్కువ ఉంచి నెట్టుకురావచ్చు గానీ అదో తంటా. నిదానంగా ఉడికించడం ముఖ్యమనుకుంటే అదే కంపెనీ డ్రాగన్‌ఫ్లై చూడండి, దానికి మంట వాల్వు బర్నర్ దగ్గర వేరే ఉంది. హోరు మాత్రం చెవులు దిబ్బళ్లు వేసేంత. విస్పర్‌లైట్ పేరుకు తగ్గట్టు పెద్దగా చప్పుడు చేయదు. పెద్ద బృందాలకి, దొరికిన ఇంధనమల్లా పోయాల్సిన దూర ప్రయాణాలకి అదే కంపెనీ ఎక్స్‌జీకే స్టవ్వు మేలు.

మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున రెండు గుక్కల నీళ్లు పోసి మొదలుపెట్టాలి. లేకపోతే పొడి మంచు కింది పొర కరిగిన నీళ్లను పీల్చేసుకుని అడుగు ఖాళీ అవుతుంది, గిన్నె మాడి నీళ్లకి మాడు వాసన పడుతుంది. ఇంకోటి, చల్లటి గిన్నెకి తగిలిన మంట పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతుంది. గంటల తరబడి మంచు కరిగించడమంటే గంటల తరబడి చల్లటి గిన్నె. ఆ విషవాయువుకి రంగూ వాసనా లేవు. ఇది గుడారం లోపల వెలిగించే స్టవ్వు కానే కాదు. తుఫానొచ్చినా గుడారం ముందుండే వసారాలో, పైనా కిందా గాలి ఆడేలా జిప్పులు తీసిపెట్టే వెలిగించాలి, ప్రైమింగ్ మాత్రం పూర్తిగా ఆరుబయటే చేయాలి.

విమానంలో వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి. గ్యాస్ క్యాన్లు ఎలాగూ ఎక్కనివ్వరు, ఇంధనం దిగినచోట కొనుక్కోవాల్సిందే. వాడిన సీసా, పంపు కూడా పెట్రోలు వాసన కొడితే తీసి పక్కన పెట్టేస్తారు. సబ్బునీళ్లతో కడిగి, మూత తీసి రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, ఎయిర్‌లైన్స్‌ని ముందే అడిగి సర్దుకోండి. కొత్త సీసా ఒకటి ఆ ప్రయాణానికే అట్టిపెట్టుకుంటే ఈ గొడవ సగం తప్పుతుంది.