అమ్మ వీల్‌చెయిర్, నాన్న ఇన్సులిన్, అలాస్కా ఓడ

మా అమ్మకు మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యి పట్టుకుంటే పది అడుగులు వేస్తుంది, పదకొండోది వెయ్యదు. నాన్నకు పాతికేళ్ళుగా షుగరు, పూటపూటకీ ఇన్సులిన్. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇద్దరూ నరసాపురం నుంచి నా దగ్గరికి వచ్చినప్పుడు సియాటిల్‌లో బయల్దేరే ఏడు రాత్రుల అలాస్కా క్రూజు ఎక్కించాను. "వీళ్ళను పెట్టుకుని సముద్రం మీదికా" అని అందరూ నన్నే తిట్టారు. నా లెక్క వేరు. కారులో తిప్పితే రోజుకో హోటలు, రోజుకో బాత్రూం. ఓడలో అయితే గదే మనతో వస్తుంది.

ఆ బాత్రూం సంగతి ఓడ ఎక్కకముందే తెలిసొచ్చింది. ముందురోజు రాత్రికి సియాటిల్‌లో "వీల్‌చెయిర్ రూం" అని బుక్ చేసిన హోటల్లో స్నానానికి తొట్టి ఉంది, గోడకు రెండు కడ్డీలు ఉన్నాయి. అంతే! ఆ తొట్టి అంచు మోకాలెత్తు. "ఇది కూడా ఆ కేటగిరీయేనండీ" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అమ్మకు ఆ రాత్రి తడిగుడ్డతోనే సరి. అప్పటినుంచి నేను "వీల్‌చెయిర్ రూమేనా?" అని అడగడం మానేశాను. "షవర్ కిందికి కుర్చీ నేరుగా తోసుకుపోవచ్చా?" అని అడుగుతున్నాను.

ఓడలో ఆ గదులు కొన్నే ఉంటాయి, అందుకని ఎనిమిది నెలల ముందే పట్టుకున్నాను. మామూలు కేబిన్ తలుపు 23 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, వీల్‌చెయిర్ అడ్డంగా ఇరుక్కుంటుంది. మాకిచ్చినదాని తలుపు 32 అంగుళాలు. బాత్రూంకు గడప లేదు, షవర్ కింద గోడకు మడతబల్ల ఉంది, అందేంత ఎత్తులో చేతిషవర్ ఉంది. మొదటిరోజు అమ్మ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. నేను బయట చెవి ఒగ్గి నిలబడ్డాను. అరగంటకు తలమీద తువ్వాలు చుట్టుకుని వచ్చి, "ఒరేయ్, నేనే పోసుకున్నాను" అంది. మూడేళ్ళలో ఆవిడ ఒక్కతే స్నానం చేయడం అదే మొదలు.

అమెరికా రేవుల్లో జనాన్ని ఎక్కించుకునే విదేశీ జెండా ఓడలకు కూడా అక్కడి వికలాంగుల చట్టం వర్తిస్తుందని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని ఓడ కట్టుబడినే మార్చమనలేం. మనకేం కావాలో ముందే ఫారం నింపి పంపాలి: వీల్‌చెయిర్ కొలతలు, ఇన్సులిన్‌కు ఫ్రిజ్, వాడిన సూదులు పడేసే డబ్బా, తిండి పట్టింపులు. నేను అన్నీ రాశాను. డబ్బా గదిలో పెట్టి ఉంది. మందులకని వేరే ఫ్రిజ్ కోసం మాత్రం రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ కూల్‌డ్రింకుకే చాలీచాలని చల్లదనం.

నాన్న విషయంలో తప్పు నాదే. మొదటి రాత్రి ఇంట్లో అలవాటు ప్రకారం గదిలోనే సూది వేయించి డైనింగ్ హాలుకు తీసుకెళ్ళాను. అక్కడ బ్రెడ్డు, సూపు, ఆ తర్వాత అసలు భోజనం, అన్నీ వంతులవారీగా వస్తాయి. ఉల్లి లేని వంట విడిగా చేయాలి కాబట్టి ఇంకా ఆలస్యం. నలభై నిమిషాలకు నాన్న నుదుటిమీద చెమట, చెంచా పట్టిన చెయ్యి వణుకు. చూస్తే షుగరు 62కి పడిపోయింది. గోవా కుర్రాడు వెయిటరు, ఏమీ అడక్కుండానే కమలారసం గ్లాసు తెచ్చి "అంకుల్, పెహలే యే" అని చేతికిచ్చాడు. మర్నాటినుంచి ఇన్సులిన్ పెన్ను నా జేబులోనే. ప్లేటు బల్లమీద పెట్టాకే సూది.

తిండి గురించి గొప్పలూ చెప్పను, తిట్టనూ తిట్టను. హెడ్ వెయిటరు ప్రతి రాత్రీ మర్నాటి మెనూ తెచ్చి నాన్న పక్కన కూర్చునేవాడు. ఉల్లి లేకుండా చేయడం వాళ్ళకు వచ్చు, కాకపోతే నాలుగు రోజులు నాలుగు రంగుల పనీరే. ఇంటి వంట ఓడలోకి రానివ్వమన్నారు. సీలున్న కందిపొడి ప్యాకెట్టు ఒప్పుకున్నారు. అదే కాపాడింది.

ఓడ మీద ఇబ్బంది పడ్డది తక్కువ. కష్టమంతా దిగే చోటే. అలాస్కా రాజధాని జూనోలో ఓడ తేలే రేవుకు ఆగుతుంది, అక్కడినుంచి ఒడ్డుకు ర్యాంపు. ఆ తీరంలో ఆటుపోట్లకు నీటిమట్టం 15, 20 అడుగులు మారుతుంది. ఉదయం పోటు మీద హాయిగా దాటాం. సాయంత్రం ఆటుకు అదే ర్యాంపు ఏటవాలుగా జారిపోయి కనబడింది. ఇద్దరు సిబ్బంది కుర్చీని వెనక్కి తిప్పి, అడుగడుగూ ఆపుకుంటూ దింపారు. అమ్మ కళ్ళు మూసుకుని, "సఖినేటిపల్లి పంటు రేవులాగే ఉందిరా" అంది. మా నరసాపురం దగ్గర గోదావరి దాటే రేవది. దిగే ముందు ఆటుపోట్ల వేళలు అడిగి తెలుసుకోండి.

ఊళ్ళలో జూనోకే నా ఓటు. లిఫ్టున్న బస్సు ముందే చెప్పుకుంటే మెండెన్‌హాల్ హిమానీనదం దాకా వెళ్ళొచ్చు, ఫొటో పాయింట్ దారి చదునుగా ఉంటుంది. స్కాగ్‌వేలో 1900లో పూర్తయిన వైట్‌పాస్ రైలుకు వీల్‌చెయిర్ లిఫ్టు పెట్టె ఉంది, అదీ ముందే చెప్పాలి. 20 మైళ్ళలో దాదాపు 3000 అడుగులు ఎక్కుతుంది, కిటికీ పక్కనే అమ్మ. కెచికాన్ వానల ఊరు. క్రీక్ స్ట్రీట్ చెక్కదారి తడిసి ఉంది, పది గజాలు పోయి వెనక్కి తిరిగాం.

విదేశీ ఓడ మధ్యలో ఒక విదేశీ రేవైనా తాకాలన్నది 1886 నాటి అమెరికా చట్టం పెట్టిన మెలిక. అందుకే చివరి రాత్రి కెనడాలోని విక్టోరియా. దానికోసం ఇద్దరికీ కెనడా వీసా తీయించాను. ఓడ చేరేసరికి రాత్రి ఎనిమిది, అమ్మ దిగనంది. శనివారం కాబట్టి నాన్న రాత్రి అన్నం తినరు. రెండురోజుల ముందే చెప్పుకున్న ఉప్మా వచ్చింది. జీడిపప్పు ఎక్కువ, అల్లం తక్కువ. నాన్న ప్లేటు వంక చూసి, నా జేబు వంక చూసి, చొక్కా పైకెత్తారు. కిటికీలోంచి అమ్మ విక్టోరియా దీపాలు చూస్తోంది.