యూనివర్సిటీ రిపాజిటరీ: చాలాకాలం వాడాక నా సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. జర్నల్ పేపర్ల కోసం వెళ్తే యూనివర్సిటీ రిపాజిటరీ, అంటే యూనివర్సిటీ తన పేపర్లు, థీసిస్‌లు, పాత రికార్డులు ఆన్‌లైన్‌లో దాచిపెట్టే చోటు, ఒక మోస్తరుగా ఉంటుంది. థీసిస్‌ల కోసమైతే చాలా బాగుంటుంది. చేతిరాత రిజిస్టర్లు, శాఖల వార్షిక నివేదికలు, పాత ఫొటోలు, టేపులు లాంటి ఆర్కైవ్ సరుకు కోసమైతే దానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. చిక్కల్లా ఏమిటంటే, హోమ్ పేజీ తెరవగానే కనబడేవి పేపర్లు. రిజిస్టర్లు ఎక్కడో అడుగున పడి ఉంటాయి.

నాకు పాత వాతావరణ రికార్డుల పిచ్చి. ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం లేదు, జర్నళ్లకి చందాలు కట్టే స్తోమతా లేదు. అందుకే కొన్నేళ్లుగా ఒక రిపాజిటరీని పట్టుకుని వేలాడుతున్నాను. ఏ యూనివర్సిటీదో చెప్పను, కింద సణుగుడు కూడా ఉంది కాబట్టి. చెప్పకపోయినా మీకు నష్టమేం లేదు. ప్రపంచంలో చాలా రిపాజిటరీలకి లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటో రెండో రకాలే. 2002లో ఎంఐటీ లైబ్రరీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి వదిలిన డీస్పేస్ చాలాచోట్ల ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో పుట్టిన ఈప్రింట్స్ మరికొన్ని చోట్ల ఉంది. ఒకటి చేతికి అలవాటైతే ఇంకోదాంట్లో పెద్దగా దారి తప్పరు.

పేపర్ల సంగతి త్వరగా తేల్చేస్తాను. తమ అధ్యాపకులు రాసిన పేపర్లు అందరికీ ఉచితంగా దొరకాలని యూనివర్సిటీలు నియమాలు పెట్టుకుంటూ వచ్చాయి. 2008లో హార్వర్డ్ అధ్యాపకులే అలాంటి తీర్మానం చేసుకోవడంతో ఆ పద్ధతికి బలం వచ్చింది. అయితే ఇక్కడ దొరికేది చాలాసార్లు జర్నల్ వేసిన అచ్చు ప్రతి కాదు. సమీక్షకులు సరేనన్నాక రచయిత దగ్గర మిగిలిన చివరి ఫైలు. విషయం అదే, పేజీ నంబర్లు వేరు, పటాలన్నీ చివర్లో కుప్పపోసి ఉంటాయి. పేజీతో సహా ఉటంకించాలంటే ఇబ్బందే. కొన్నింటి మీద ఎంబార్గో ఉంటుంది, అంటే ఫైలు తెరవకుండా ఆపే గడువు, ఆరు నెలలో ఏడాదో రెండేళ్లో. రికార్డు కనబడుతుంది కానీ ఫైలు పక్కన తాళం బొమ్మ వెక్కిరిస్తూ ఉంటుంది. ఒక్క పేపరే కావాలంటే అసలు రిపాజిటరీ దాకా వెళ్లనక్కర్లేదు. జర్మనీలోని బీలెఫెల్డ్ యూనివర్సిటీ లైబ్రరీ నడిపే బేస్ లాంటి సెర్చ్ ఇంజిన్లు వేలకొద్దీ రిపాజిటరీల రికార్డులను ఒకచోట పోగేసి పెట్టాయి, అక్కడ కొడితే చాలు.

థీసిస్‌ల దగ్గర కథ మారుతుంది. జర్నల్‌లో పది పేజీలకి నొక్కేసిన పని ఇక్కడ వందల పేజీల్లో తీరిగ్గా పరుచుకుని ఉంటుంది. నేను థీసిస్‌ని వెనకనుంచి చదువుతాను. అనుబంధాలు ముందు, తీర్మానాలు ఆఖర్న. జర్నల్ చోటు లేదని వదిలేసిన పట్టికలు, పరికరాల వివరాలు, ప్రశ్నావళులు అనుబంధాల్లోనే ఉంటాయి. ఫలించని పద్ధతుల గురించి జర్నల్‌లో ఎవరూ రాయరు. థీసిస్‌లో మాత్రం ఒక అధ్యాయమే కేటాయిస్తారు, ఎంత కష్టపడ్డారో పరీక్షకులకి తెలియాలి కదా. కృతజ్ఞతల పేజీ కూడా వదలను. ఏ కార్యాలయం నేలమాళిగలోంచి రిజిస్టర్లు తీసిచ్చారో, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. పాత టైపు ప్రతులతో ఒకటే బాధ. వాటిని నలుపు, తెలుపు రెండే రంగుల్లో స్కాన్ చేసి పారేశారు. అక్షరాలు బాగానే వచ్చాయి, మధ్యలో అతికించిన ఫొటోలు మాత్రం నల్లటి మచ్చలైపోయాయి.

ఇక అసలు సరుకు. నేను ఎక్కువ కాలం గడిపింది అబ్జర్వేటరీ దినసరి రిజిస్టర్లతో. ఒక ఉదాహరణ చెప్తే వాటి విలువేంటో తెలుస్తుంది. ఒక పేపర్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రతల గీత ఉంది. ఒకచోట అది ఉన్నట్టుండి కిందికి జారి, ఆ తర్వాత అదే మట్టంలో సాగిపోతుంది. కారణం గురించి పేపర్‌లో ముక్క లేదు. అదే సమాచారం మీద అంతకుముందెప్పుడో చేసిన థీసిస్ ఒకటి ఇదే రిపాజిటరీలో దొరికింది. దాని అనుబంధంలో నెలవారీ పట్టిక ఉంది కాబట్టి జారుడు ఏ నెలలో మొదలైందో తేలింది. ఆ నెల రిజిస్టర్ తెరిచాను. ప్రతి పేజీలోనూ అవే గడులు: పొడి బల్బు, తడి బల్బు థర్మామీటర్ల రీడింగులు, బారోమీటర్, గాలి దిశ, ఆకాశంలో పదింట ఎన్ని వంతులు మబ్బు పట్టిందో. కుడివైపు అంచున రిమార్కుల కోసం సన్నటి గడి, చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. ఆ నెల మూడో వారంలో మాత్రం, గడి చాలక పక్క అంచులోకి పాకిన చేతిరాతలో, థర్మామీటర్లను గోడ మీంచి తీసి స్క్రీన్‌లో పెట్టామని రాసుంది. అంటే స్టీవెన్సన్ స్క్రీన్, తెల్లరంగు వేసిన రెక్కల చెక్కపెట్టె. గోడ పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి మెల్లగా వదులుతుంది, దాన్ని ఆనుకున్న థర్మామీటర్ రాత్రిళ్లు కాస్త ఎక్కువే చూపిస్తుంది. పెట్టె ఆరుబయట, గోడకి దూరంగా ఉంటుంది. ఊరు చల్లబడిందేమీ లేదు, థర్మామీటర్ కాపురం మార్చిందంతే. పేపరూ, థీసిస్సూ, రిజిస్టరూ ఒకే కప్పు కింద ఉండబట్టి ఒక పూటలో తేలిన విషయమిది.

ఆ రిజిస్టర్లలోనే ఇంకోటి గమనించాను. ఒక చేతిరాత ఉన్న నెలల్లో రీడింగుల చివరి అంకె దాదాపు ఎప్పుడూ సున్నా గానీ అయిదు గానీ. చేతిరాత మారగానే మిగతా అంకెలన్నీ ప్రత్యక్షమవుతాయి. మొదటాయన దగ్గరలో ఉన్న గీతకి సర్దేసేవాడన్నమాట. టైపు చేసిన పట్టికలో కూడా ఆ సున్నాలూ అయిదులూ ఉంటాయి, కానీ అవి ఒక మనిషి అలవాటని పట్టుకోవాలంటే చేతిరాతను చూడాల్సిందే. ఇలాంటి చేతిరాత పేజీల మీద మామూలు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్, పెద్దగా ఏమీ చెయ్యలేదు, ఆశ పెట్టుకోవద్దు. అచ్చు నివేదికల్లో పర్వాలేదు గానీ అక్కడా పట్టికల్లో 3ని 8గా చదివేస్తుంది, పక్కపక్క నిలువు వరసలని కలిపేస్తుంది. అంకెల్ని కాపీ చేసుకునే ముందు బొమ్మతో సరిచూసుకోక తప్పదు.

ఈ రిజిస్టర్లేవీ సెర్చ్ పెట్టెలో దొరకవు. నా అసలు ఫిర్యాదు ఇదే. రిపాజిటరీల్లో ప్రతి వస్తువు వివరాలూ నమోదు చెయ్యడానికి వాడే డబ్లిన్ కోర్ పద్ధతి 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్‌లో జరిగిన సమావేశంలో మొదలైంది. అందులో ఉన్నవి 15 మూలాంశాలు: శీర్షిక, కర్త, విషయం, తేదీ వగైరా. పేపర్‌కి అవి అతికినట్టు సరిపోతాయి. రిజిస్టర్‌కి శీర్షిక ఏమిటి? అట్టమీద ఉన్న నంబరు. కర్త ఎవరు? మారుతూ వచ్చిన అరడజను గుమస్తాలు. తేదీ దగ్గర మరీ అన్యాయం. రికార్డు మొత్తం చూపించే బటన్ నొక్కితే మూడు తేదీలుంటాయి: రిపాజిటరీలో చేరింది, జనానికి తెరిచింది, వెలువడింది. నేను వాడే సేకరణలో వెలువడిన తేదీ గడిలో స్కాన్ చేసిన సంవత్సరం వేసేశారు. ఫలితంగా 19వ శతాబ్దానికి ఫిల్టర్ పెడితే 19వ శతాబ్దపు రిజిస్టర్లు అన్నీ మాయం.

మరి దారేది? వెతకడం మానేసి, సేకరణల జాబితాలోకి వెళ్లి ఒక్కొక్కటీ తిరగెయ్యడమే. ఆర్కైవ్ వాళ్లు కాగితాలను విషయాన్నిబట్టి సర్దరు, ఎవరి దగ్గర పుట్టాయో దాన్నిబట్టి సర్దుతారు. 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రాంతీయ ఆర్కైవ్‌లకి ఇచ్చిన ఆదేశంలోనే ఈ సూత్రం ఉంది. కాబట్టి ఈ కాగితం దేని గురించి అని కాకుండా ఇది ఎవరి బల్ల మీద తయారై ఉంటుంది అని ఆలోచించాలి. ఆ చెక్కపెట్టె చేయించిన బిల్లు నాకు దొరికింది వాతావరణం కింద కాదు, భవనాల మరమ్మతులు చూసే విభాగం ఫైళ్లలో. చాలా సేకరణలకి పెట్టె, ఫోల్డర్ వారీగా వివరాలిచ్చే ఫైండింగ్ ఎయిడ్ ఉంటుంది. చాలామంది దాన్ని విసుగు పుట్టించే పీడీఎఫ్ అనుకుని దాటేస్తారు. ముందు చదవాల్సింది దాన్నే. స్కాన్ కాని పెట్టెల ఊసు కూడా అందులోనే ఉంటుంది.

లింకుల గురించి ఒక హెచ్చరిక. నేను వాడే చోట సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మార్చారు. పేజీలు చూడ్డానికి సొంపుగా తయారయ్యాయి, తెరుచుకోవడం మాత్రం నెమ్మదించింది. పీడీఎఫ్ ఫైళ్లకి నేరుగా దాచుకున్న లింకులన్నీ చచ్చిపోయాయి. ప్రతి రికార్డు పేజీలోనూ ఉండే హ్యాండిల్ లింకులు మాత్రం చెక్కు చెదరలేదు. జర్నల్ పేపర్లకి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్లు, డీఓఐలు, నడిచేది కూడా ఆ హ్యాండిల్ వ్యవస్థ మీదే. చిరునామా మారినా దారి చూపించడమే దాని పని. దాచుకుంటే దాన్నే దాచుకోండి.

మౌఖిక చరిత్ర టేపులు బాగున్నాయి. రిటైరైన సిబ్బంది మాటల్లో పరికరాల గుట్లు చాలా దొరికాయి. లిఖిత ప్రతి ఉన్నా వినడమే మేలు, తడబాట్లన్నీ ప్రతిలో చదును చేసేస్తారు. కొన్ని టేపులు మాట్లాడినవాళ్ల షరతుల ప్రకారం మూసి ఉన్నాయి, దానికి నాకేం అభ్యంతరం లేదు. డేటాసెట్ల విభాగం నిరాశపరిచింది. వివరణ ఫైలు లేకుండా ఉత్త స్ప్రెడ్‌షీట్ ఎక్కించి పోతారు. ఒక వరసకి సవరించిన ఉష్ణోగ్రత అని పేరుంటుంది, దేన్నిబట్టి సవరించారో చెప్పే నాథుడుండడు.

హక్కుల గడి ఇంకో తలనొప్పి. శతాబ్దం దాటిన రిజిస్టర్ కింద సర్వహక్కులు ప్రత్యేకించబడినవి అని ఉంటుంది. ఇలాంటి గందరగోళం తీర్చడానికే 2016లో రైట్స్‌స్టేట్‌మెంట్స్ అనే ఏర్పాటు వచ్చింది, అందులో 12 ప్రామాణిక ప్రకటనలున్నాయి. ఏది వర్తిస్తే అది తగిలిస్తే సరిపోతుంది. ఇక్కడ తగిలించలేదు. లైబ్రేరియన్‌కి మెయిల్ రాస్తే బొమ్మలు వాడుకోవచ్చని రెండు లైన్ల జవాబు వచ్చింది, పేజీలో వాక్యం మాత్రం మారలేదు. ఆ జవాబుని ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

తాళం పడ్డ థీసిస్ దగ్గర ప్రతి కోసం అడిగే బటన్ ఉంటుంది. అది రచయితకి వెళ్తుంది, చాలాసార్లు ఆ మెయిల్ ఐడీ ఎప్పుడో చదువు పూర్తయినప్పుడే మూతపడి ఉంటుంది. బటన్‌తో పాటు గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్‌కి కూడా ఒక మెయిల్ పెట్టండి. ఏ పేజీలు కావాలో, ఎందుకో నిర్దిష్టంగా రాయండి. మొత్తం థీసిస్ పంపమంటే తటపటాయించేవాళ్లు రెండు పట్టికలు అడిగితే ఆ రోజే పంపేస్తారు.